అందరికంటే వెనక ఇద్దరు

"ఏటది? చేతిలో ఏటది?"

"ఏం లేదండీ, మోకాలు కాస్త లాగుతోంది. నొప్పి మాత్ర."

"ఇలగివ్వండి."

విశాఖ బీచ్ రోడ్డులో తెన్నేటి పార్కు ఎత్తు మొదలయ్యే చోట, వీధి దీపం కింద ఇద్దరు ఆడవాళ్లు ఆగారు. 2024 ఫిబ్రవరిలో ఒక ఆదివారం. ఇంకా వెలుగు రాలేదు. గుంపులో మిగతావాళ్లంతా ఎత్తెక్కి మలుపు తిరిగిపోయారు. ఆగిన ఇద్దరిలో ఒకామె బ్యాంకు మేనేజరు, నలభై ఆరేళ్లు. రెండో ఆమె ప్రభుత్వాసుపత్రిలో నర్సు, యాభై నాలుగేళ్లు. మేనేజరు వేళ్ల మధ్య ఉన్న తెల్లమాత్రను నర్సు లాక్కుని, రోడ్డు పక్కన సముద్రం వైపు రాళ్లలోకి విసిరేసింది.

"పరుగెత్తే ముందు ఈ గోలీలు మింగుతారా ఎవరైనా? చదువుకున్నోరు గదా! నొప్పుంటే ఆగిపోవాలి, నడిచి ఇంటికెళ్లాలి. గోలీ ఏసుకుని పరుగెత్తడమేటి?"

మేనేజరుకు నోట మాట రాలేదు. బ్రాంచిలో ఆమె ముందు గొంతు పెంచేవాళ్లు లేరు. ఇంట్లోనూ లేరు. "మా అమ్మ పోయాక నన్ను ఇట్టా కసిరినవాళ్లు లేరండీ" అని చాలా నెలల తరవాత నాతో చెప్పింది. ఆ క్షణాన మాత్రం ఒళ్లు మండింది. "నా మోకాలు, నా మాత్ర. మీకెందుకండీ?" అనేసి వెనక్కి తిరిగింది. దారిలో కనబడ్డ ఆటో ఎక్కి ఇంటికెళ్లిపోయింది.

వారం పాటు పరుగుకు రాలేదు. కోపం చల్లారి వచ్చేసరికి నర్సు లేదు.

ఈ కథను నేను ఇద్దరి నోటా విన్నాను. ఒకే సంగతిని ఇద్దరూ రెండు రకాలుగా చెప్పినచోట, ఇద్దరూ ఒప్పుకున్నదాన్నే రాస్తున్నాను. పేర్లు వద్దన్నారు. గుంపులో ఒకరిని మేడం అనీ, ఒకరిని సిస్టర్ అనీ పిలుస్తారు. ఇక్కడా వాళ్లు మేడం, సిస్టర్‌లే.

మేడంది నరసరావుపేట దగ్గర పల్లె. సర్వీసంతా గుంటూరు, ఒంగోలు మధ్యే గడిచింది. 2023 జూన్‌లో ప్రమోషనిచ్చి విశాఖ వేశారు. భర్తది గుంటూరులో ప్రభుత్వోద్యోగం, కదిలే వీల్లేదు. కూతురు విజయవాడలో ఇంజినీరింగు చదువుతూ హాస్టల్లో ఉంది. ఎంవీపీ కాలనీలో ఒక చిన్న ఫ్లాటు అద్దెకు తీసుకుని, బుద్ధెరిగాక మొదటిసారి ఒంటరిగా ఉండటం మొదలుపెట్టింది.

బ్రాంచిలో పలకరింపులకు లోటు లేదు. అయితే పలకరించిన ప్రతివాళ్లకూ ఆమెతో ఒక పని ఉండేది. లోను కావాలి, రెన్యువల్ కావాలి, సంతకం కావాలి. సాయంత్రం షట్టరు దించినప్పటి నుంచి మర్నాడు పొద్దున ఎత్తేదాకా, ఏ పనీ లేకుండా ఆమెతో నాలుగు మాటలు మాట్లాడే మనిషి ఆ ఊళ్లో లేరు. డిగ్రీలో ఒకే కంచంలో తిన్న స్నేహితురాళ్లు ఉన్నారు. వాళ్లతో చనువు పుట్టినరోజుకు వాట్సాప్‌లో పూలగుత్తి బొమ్మ పంపుకొనే దగ్గర ఆగిపోయి చాలా కాలమైంది. ఎవరి తప్పూ లేదు. పెళ్లిళ్లు, పిల్లలు, బదిలీలు, ముసలి తల్లిదండ్రులు. నలభై దాటాక కొత్త స్నేహం దొరుకుతుందని మనలో చాలామందికి ఆశ కూడా ఉండదు. ఉన్న బంధుత్వాలు నిలబెట్టుకుంటే చాలనుకుంటాం.

ఆ ఆగస్టులో రక్తపరీక్ష చేయిస్తే హెచ్‌బీఏ1సీ 6.3 వచ్చింది. 6.5కు చేరితే షుగరు జబ్బు కిందే లెక్క. మందులు ఇప్పుడే వద్దు, నడవండి అన్నాడు డాక్టరు. అలా ఆమె ఆర్కే బీచ్‌కు వచ్చింది.

పొద్దున్నే అక్కడికి వెళ్లినవాళ్లకు తెలుసు, ఆ రోడ్డు మీద ఎవరి లోకం వారిదే. కాళీమాత గుడి ముందు దణ్ణం పెట్టుకుని నడక మొదలెట్టేవాళ్లు ఒకరు. ఇసకలో యోగా చేసేవాళ్లు ఒకరు. ఆర్మీ ర్యాలీకి తయారయ్యే శ్రీకాకుళం, విజయనగరం కుర్రాళ్లు ఇంకొక వైపు. 1.6 కిలోమీటర్లను అయిదున్నర నిమిషాల్లో ముగించాలన్న పట్టుదలతో వాళ్లు మనిషిని ఒరుసుకుంటూ దూసుకుపోతారు. మన ప్రాంతంలో చాలాకాలం పరుగంటే ఇదే: ఉద్యోగం కోసం, పతకం కోసం, లేదా బస్సు కోసం. ఏ అవసరమూ లేని మనుషులు ఇష్టపడి గుంపుగా పరుగెత్తడం కొత్త సంగతి. హైదరాబాద్‌లో హైదరాబాద్ రన్నర్స్ మొదలైంది 2007లో. విశాఖలో నేవీ మారథాన్ వచ్చాక ఇక్కడా కాలనీకొక గుంపు తయారైంది.

కుర్సురా జలాంతర్గామి మ్యూజియం ముందు అలాంటి గుంపు ఒకటి ఒళ్లు విరుచుకుంటుంటే మేడం నిలబడి చూసింది. నేవీలో చీఫ్ పెట్టీ ఆఫీసరుగా చేసి రిటైరైన పెద్దాయన వాళ్లకు నాయకుడు. అందరూ చీఫ్‌గారూ అంటారు. ఆయన ఆమె కాళ్లకేసి చూసి, "షూ బాగానే ఉన్నాయి కదమ్మా, ఇక చూడటమెందుకు? రండి" అన్నారు.

"నాకు నలభై ఆరండీ."

"మా సిస్టర్‌కి యాభై నాలుగు. సిస్టర్! ఈ మేడం మీతో వస్తారు."

చీఫ్‌గారి గుంపులో రెండే కట్టుబాట్లు. ఒకటి, వెనకబడ్డవాళ్లను ఒంటరిగా వదలకూడదు. రెండోది, మాట్లాడుతూ పరుగెత్తాలి. ఆయాసంతో మాట తెగిందంటే వేగం ఎక్కువైనట్టు, తగ్గించాలి. ఇది ఆయన కనిపెట్టింది కాదు. ప్రపంచంలో ఏ కోచ్‌నడిగినా ఇదే చెబుతాడు. గుండెకు, కండరాలకు ఓర్పు ఎక్కువగా పెరిగేది హాయిగా మాట్లాడగలిగే వేగంలోనే. కొత్తవాళ్లు చేసే మొదటి పొరపాటు ఎగశ్వాసతో పరుగెత్తి, నాలుగో రోజుకు మానేయడం.

ఒంటి మేలు కోసం పెట్టిన ఆ కట్టుబాటు ఇంకో పని కూడా చేసింది. తెల్లవారకముందు, చీకట్లో, ఇద్దరు మనుషులు గంటసేపు మాట్లాడుకోక తప్పని పరిస్థితి కల్పించింది.

మొదట్లో వాళ్ల మాటలు ఏముంటాయి? జాలరిపేట దాటుతుంటే ఏ నెలలో ఏ చేప బాగుంటుందో సిస్టర్ చెప్పేది. పల్నాడులో గోంగూర ఎలా ఊరబెడతారో మేడం చెప్పేది. కుక్కలు వెంటపడితే పరుగెత్తకూడదు, నిలబడాలి. చెమట ఎక్కువ పట్టే ఊరు కాబట్టి ఉప్పూ నీళ్లూ తగ్గకూడదు. తెల్లారకముందు రోడ్డు మీదకొచ్చే ఆడవాళ్లు ఫోను చేతిలో కాకుండా నడుముకు కట్టుకోవాలి. ఇలాంటివే. కొన్నాళ్లకు మాటలు లోపలికి దిగాయి. సెలవుల్లో ఇంటికెళ్తే తన వంటింట్లో తానే చుట్టంలా ఉందనీ, కూతురు డబ్బు అయిపోతేనే ఫోన్ చేస్తోందనీ, ఎవరికీ చెప్పని సంగతులు మేడం ఆ రోడ్డు మీద చెప్పింది.

ఎదురెదురుగా కూర్చుని ఇవి చెప్పలేం. పక్కపక్కన పరుగెడుతుంటే ముఖం కనబడదు. మాట మధ్యలో గొంతు పట్టేస్తే, ఊపిరి కోసం ఆగిందిలే అనుకుంటారు. చెప్పేవాళ్లకు అంత మర్యాద ఇచ్చే చోటు ఇంకొకటి నాకు తెలియదు.

అమెరికాలో కాన్సాస్ విశ్వవిద్యాలయానికి చెందిన జెఫ్రీ హాల్ స్నేహానికి ఎంత సమయం పడుతుందో లెక్కగట్టే ప్రయత్నం చేశాడు. పరిచయం మామూలు స్నేహంగా మారడానికి సుమారు 50 గంటలు, దగ్గరి స్నేహం కావడానికి 200 గంటలకు పైనే కలిసి గడపాలని 2018లో తేల్చాడు. ఆ అధ్యయనంలో నన్ను పట్టుకున్న సంగతి వేరే ఉంది: ఒకేచోట ఉద్యోగం చేస్తూ గడిపిన గంటలు ఈ లెక్కలో పెద్దగా కలిసిరావు. రోజుకు ఎనిమిది గంటలు పక్క కుర్చీలో కూర్చున్నవాళ్లు ఇరవై ఏళ్లయినా పరాయివాళ్లుగా ఎందుకు మిగులుతారో దీనితో నాకు కొంత అర్థమైంది. మేడం, సిస్టర్ పరుగు వారంలో రెండు రోజులు గంట చొప్పున, ఆదివారం రెండు గంటలు. వారానికి నాలుగు. ఏడాది తిరక్కుండానే 200 దగ్గరకు వస్తుంది. పెద్దయ్యాక అంత సమయం ఏ పనీ లేకుండా ఇంకో మనిషికి ఎక్కడ ఇస్తాం?

ఇలాంటి గుంపుల్లో ప్రపంచమంతా తెలిసిన పార్క్‌రన్ పుట్టిందే స్నేహం పోగొట్టుకుంటానన్న భయంలోంచి. 2004లో పాల్ సింటన్ హెవిట్ అనే ఆయన గాయపడి పరుగెత్తలేకపోయాడు, చేతిలో ఉద్యోగమూ లేదు. స్నేహితులను వారానికోసారైనా చూడాలని, ఆ అక్టోబరు 2న లండన్‌లోని బుషీ పార్కులో అయిదు కిలోమీటర్ల పరుగు పెట్టాడు. వచ్చింది పదమూడు మంది. పరుగయ్యాక కలిసి కాఫీ తాగడం మొదటి నుంచీ అందులో భాగమే. ఇప్పుడది ఎన్నో దేశాల్లో ప్రతి వారాంతం జరుగుతోంది. చీఫ్‌గారి గుంపులో కాఫీకి బదులు ఇడ్లీ.

ఇంత కబుర్లలోనూ సిస్టర్ తన గురించి చెప్పింది తక్కువ. భర్త పోర్టులో చేసి రిటైరయ్యాడు. కొడుకు బెంగళూరులో ఉన్నాడు. ఊరు శ్రీకాకుళం వైపు. అంతకుమించి మేడం అడగనూ లేదు. నైటు డ్యూటీ పడిన వారం సిస్టర్ పరుగుకు వచ్చేది కాదు. అందుకే ఆ ఫిబ్రవరిలో కనబడకపోతే మొదట ఎవరికీ అనుమానం రాలేదు.

రెండో ఆదివారమూ రాలేదు. ఫోన్ స్విచాఫ్. మేడంకు అప్పుడు తట్టింది, ఆర్నెల్లుగా పక్కన పరుగెత్తిన మనిషి ఇల్లెక్కడో తనకు తెలియదని. అక్కయ్యపాలెం అని విన్న గుర్తు. వీధి పేరు తెలియదు. భర్త పేరు తెలియదు.

చీఫ్‌గారి దగ్గర ఒక రిజిస్టరు ఉంది. గుంపులో చేరినవాళ్లు బ్లడ్ గ్రూపు, ఆపద వస్తే ఎవరికి ఫోన్ చేయాలో ఆ నంబరు రాసివ్వాలి. సిస్టర్ పేరు ఎదురుగా ఉన్న నంబరు పక్కన "తమ్ముడు" అని ఉంది. మేడం ఆ నంబరుకు కలిపింది. ఎవరో కుర్రాడు ఎత్తాడు.

"సిస్టర్‌గారి తమ్ముడితో మాట్లాడాలి బాబూ."

"మా నాన్న చచ్చిపోయారండి. మా మేనత్త ఇక్కడే ఉంది. పిలవమంటారా?"

"వద్దు బాబూ. మీది ఏ ఊరో చెప్పు."

ఆ తమ్ముడు పోయిన పదో రోజు తెల్లవారుజామున మేడం విశాఖ స్టేషన్లో పలాస వెళ్లే బండెక్కింది. విజయనగరం, పొందూరు దాటుతుంటే, అసలు తాను ఎందుకు వెళ్తున్నట్టని అనుమానం పట్టుకుంది. చుట్టం కాదు, కలిసి పనిచేసిన మనిషీ కాదు. చివరిసారి మాట్లాడింది కోపంగా. చావింటికి పిలవకుండా వెళ్తే ఏమనుకుంటారు? ఆమదాలవలసలో దిగి తిరుగు బండి పట్టుకుందామా అని లేచి, మళ్లీ కూర్చుంది.

పలాసలో దిగి వజ్రపుకొత్తూరు వైపు ఆటో మాట్లాడుకుంది. ఇసక నేల. రెండు వైపులా జీడి తోటలు, మధ్యలో పనస చెట్లు. ముదురు కొబ్బరి చెట్లు మాత్రం అక్కడొకటి ఇక్కడొకటి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఈ తీరం మీదే పడి తోటలకు తోటలను పెళ్లగించి పోయింది. తరవాత నాటినవి అప్పుడప్పుడే ఎదుగుతున్నాయి. ఉద్దానం అనే పేరు ఆమె పేపర్లలో చదివింది, కిడ్నీ జబ్బుల వార్తల్లో. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస చుట్టుపక్కల దశాబ్దాలుగా తోట పనులు చేసుకునే మనుషులు మూత్రపిండాలు చెడిపోయి పోతున్నారు. దేశదేశాల నుంచి వచ్చి నీళ్లు, మట్టి, రక్తం పరీక్షించారు. కారణం ఇదీ అని తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. డయాలసిస్ కోసం దూరాలు పోయే బాధ కొంత తగ్గింది. జబ్బు తగ్గలేదు.

ఇంటి అరుగు మీద ఓ పెద్దావిడ కూర్చుని ఉంది.

"ఎవలు తల్లీ నువ్వు? ఏ ఊరు?"

"విశాఖపట్నం నుంచమ్మా. సిస్టర్‌ను చూద్దామని."

"ఆస్పత్రిలో సేత్తావా?"

"కాదమ్మా. నేను బ్యాంకులో..."

బ్యాంకు అన్న మాట వినగానే పెద్దావిడ ముఖం నల్లబడిపోయింది. అరుగు పట్టుకుని లేచింది. "నా కొడుకు పోయి పది దినాలు కాలేదు. అప్పుడే అప్పు అడగడానికొచ్చీసినారా? ఆడదాన్ని పంపితే మేవేటీ అన్లేవనా?" గొంతు వీధంతా వినబడింది. ఇరుగుపొరుగు బయటికి వచ్చారు. మేడం అలాగే నిలబడింది. తాను ఎవరో చెప్పడానికి ఆమె దగ్గర ఏ వరసా లేదు.

లోపలి నుంచి సిస్టర్ వచ్చింది. గుమ్మంలో ఆగి, మేడంను చూసి, తల్లి భుజం మీద చెయ్యి వేసింది.

"అప్పుకు కాదే అమ్మా. ఈవిడ మా మనిషి."

మరొక్క మాట అడగకుండా పెద్దావిడ పక్కకు జరిగింది. "కూకో తల్లీ" అని చాప చూపించింది.

ఆ మధ్యాహ్నం చూసింది మేడం మరిచిపోలేనంటుంది. చావింట్లో కూడా సిస్టర్‌ను ఎవరూ వదల్లేదు. భోజనాలు అవుతుండగానే ఒక్కొక్కరూ ప్లాస్టిక్ కవర్లలోంచి ల్యాబ్ కాగితాలు తీసి ఆమె ఒళ్లో పెడుతున్నారు. ఆమె కళ్లజోడు సర్దుకుని చదువుతోంది. "క్రియాటినిన్ 1.9. పెరిగింది. పలాస ఎళ్లండి, ఆలస్యం సెయ్యకండి." "ఇది మూడు దాటింది గదా బాబాయ్, నీళ్లు ఎంత తాగాలో డాక్టరు సెప్పినారా?" తమ్ముడి ఫొటోకు దండ వేసి ఉంది. దాని కింద కూర్చుని ఆమె ఊరి కాగితాలన్నీ చూసింది. ఏడవడానికి ఆమెకు తీరిక ఇచ్చినవాళ్లు లేరు.

మేడం వెళ్లి పక్కన కూర్చుంది. కాసేపు ఊరికే కూర్చుంది. తరవాత తమ్ముడి భార్యను పిలిచి, "మీ ఆయన బ్యాంకు పుస్తకం ఉందా అమ్మా?" అని మెల్లగా అడిగింది. ఆ పిల్ల భయపడుతూనే తెచ్చి ఇచ్చింది. నూనె మరకలు పట్టిన పాస్‌బుక్కు. మేడం పేజీలు తిప్పుతూ మే నెల పద్దుల దగ్గర ఆగింది. వేలు పెట్టి ఒక్కొక్క వరసే చూసుకుంటూ వచ్చింది. 2023 మే నెలాఖరున 436 రూపాయలు కట్ అయి ఉంది. 2022కు ముందు ఏళ్లలో అదే చోట 330.

"ఇదేందో తెలుసా?"

తెలియదన్నట్టు తల ఊపింది ఆ పిల్ల.

అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా ప్రీమియం. ఖాతా తెరిచినప్పుడో మరెప్పుడో ఎవరో ఫారం మీద సంతకం పెట్టించి ఉంటారు. ఏటా ఆ డబ్బు ఖాతాలోంచి దానంతటదే పోతోంది. ఎందుకు పోతోందో ఇంట్లో ఎవరికీ తెలియదు. మనిషి ఏ కారణంతో పోయినా నామినీకి రెండు లక్షలు వస్తాయి. అడగకపోతే రావు. మరణ ధ్రువపత్రం ఎక్కడ తీసుకోవాలి, క్లెయిమ్ ఫారం ఏ బ్రాంచిలో ఇస్తారు, నామినీ ఆధారు, ఖాతా నంబరు ఎక్కడ రాయాలి, అన్నీ మేడం ఆ కుర్రాడి నోటుపుస్తకంలో రాసిచ్చింది. ఇది చూసి పక్కింటామె తన పాస్‌బుక్కు తెచ్చుకుంది. ఇంకొకామె వెళ్లి తన భర్తది తెచ్చింది. పొద్దువాలేసరికి ఆ అరుగు మీద ఒకరి ముందు ల్యాబ్ కాగితాలు, ఒకరి ముందు పాస్‌బుక్కులు. ఇద్దరూ తలెత్తకుండా పనిచేశారు.

సాయంత్రం తోటలోకి నడిచారు. పక్కపక్కన. అలవాటైన పద్ధతి కాబట్టి సిస్టర్‌కు మాట వచ్చింది.

"వాడికి నలభై ఒకటే మేడం. చెట్లెక్కేవాడు. నడుం నొప్పి, కీళ్ల నొప్పి. ఒళ్లు నొప్పులని ఫోన్ చేస్తే నేనే గోలీల షీట్లు పంపేదాన్ని. నా చేత్తో. ఏళ్ల తరబడి పంపినాను." కొంత దూరం నడిచాక మళ్లీ అంది. "దానివల్లే అని ఏ డాక్టరూ అన్లేదు. తిననోళ్లకూ వస్తోంది. నాకూ తెలుసు. కానీ ఆ దినం మీ చేతిలో గోలీ చూసేసరికి... పరుగులో ఒంట్లో నీరు తగ్గిపోద్ది, కిడ్నీకి రక్తం తక్కువెళ్తాది. దాని మీద ఆ గోలీ ఏస్తే ఇంకా తగ్గించేస్తాది. మీకు ఇది నెమ్మదిగా చెప్పాలి. అరిచీసినాను."

"ముందే ఎందుకు చెప్పలేదండీ, తమ్ముడి సంగతి?"

"ఆస్పత్రిలో ఇదే మాట, ఇంటికొస్తే ఫోన్లో ఇదే మాట. ఆ పరుగు గంటలో ఒక్కటే మా ఊరుండదు, ఈ జబ్బుండదు. మీకు చెప్పీస్తే ఆ గంట కూడా పోద్దని."

మేడం జవాబుగా ఏమన్నదో ఇద్దరికీ గుర్తులేదు. చాలాసేపు నడిచారని మాత్రం ఇద్దరూ చెప్పారు. చివరికి మేడమే, "ఇంక మేడం అనబాకండి. మీకంటే ఎనిమిదేళ్లు చిన్నదాన్ని" అంది.

"అయితే నువ్వూ అండీ మానీ."

ఆ రాత్రి మేడం అక్కడే పడుకుంది. పెద్దావిడ తన పక్కనే చాప వేయించింది.

ఈ కథలో నన్ను కదిలించింది ఆ రైలు ప్రయాణం. ఆమదాలవలసలో దిగిపోయి ఉంటే ఏమీ జరిగేది కాదు. రోడ్డు మీద గంటలు ఎన్నయినా పోగవుతాయి. ఒకరోజు ఎవరో ఒకరు పిలవకుండా ఇంకొకరి గుమ్మం తొక్కాలి. ఆ తొక్కే ధైర్యం చిన్నప్పుడు అందరికీ ఉంటుంది. స్నేహితుడి ఇంటికి వెళ్లడానికి అప్పుడు ఎవరమూ కారణం వెతుక్కోలేదు. పెద్దయ్యాక మర్యాద పేరుతో ఆగిపోతాం, అవతలివాళ్లు కూడా అదే మర్యాదతో తలుపు వేసుకుంటారు. మేడం ఆ రోజు ఆ మర్యాదను పక్కన పెట్టింది. అవమానం ఎదురైనా కదలకుండా నిలబడింది. ఇలాంటి ధైర్యానికి దండలు వేయరు కానీ, నాకు ఆమె పట్ల గొప్ప గౌరవం.

సిస్టర్ మార్చిలో మళ్లీ పరుగుకు వచ్చింది. క్లెయిమ్ డబ్బు తమ్ముడి భార్య ఖాతాలో పడింది. అందులో ఎక్కువ భాగం పిల్లల పేర డిపాజిట్ చేయించారు. ఆ ఏడాది నేవీ మారథాన్లో ఇద్దరూ 21.1 కిలోమీటర్లు పూర్తి చేశారు, మూడు గంటలు దాటింది. చివర్లో కాలు పట్టేస్తే మేడం చాలా దూరం నడిచింది, సిస్టరూ ఆమెతో పాటే నడిచింది. మేడం హెచ్‌బీఏ1సీ 5.9కి దిగింది. కూతురు సెలవులకు వచ్చినప్పుడు ఒకరోజు వాళ్ల వెంట పరుగెత్తి, అమ్మ ఇంత మాట్లాడుతుందని నాకు తెలియదు అందట.

మేడంకు ఉద్దానం పని అక్కడితో ఆగలేదు. ఆ అరుగు మీద చూసిన పాస్‌బుక్కుల్లో చాలావాటిలో 436 పద్దు లేదు. కొందరికి అసలు బీమా లేదు. కొందరికి మే నెలాఖరున ఖాతాలో అంత డబ్బు లేక ఆగిపోయింది. యాభై దాటితే కొత్తగా చేర్చుకోరు. అందుకని ఏటా మే రాగానే సిస్టర్ ఊళ్లో ఇంటింటికీ ఫోన్లు చేస్తుంది, ఖాతాలో డబ్బుంచమని. మేడం దగ్గర ఎవరిది ఏ బ్యాంకో రాసుకున్న చీటీ ఉంది. ఆదివారం పరుగులో, జాలరిపేట నుంచి తెన్నేటి పార్కు దాకా, ఆ చీటీలో మిగిలిన పేర్లే మాట్లాడుకుంటారు.

పెద్దావిడ ఇప్పుడు కూతురికంటే ముందు మేడంకే ఫోన్ చేస్తుంది. పనసకాయలు కోతకొచ్చాయట, ఎప్పుడొస్తున్నావని నిన్న అడిగింది. వచ్చే శనివారం ఇద్దరూ వెళ్తున్నారు. మర్నాటి లాంగ్ రన్ ఎగ్గొట్టడానికి వీల్లేదని చీఫ్‌గారు ముందే హెచ్చరించారు. పదహారు కిలోమీటర్లూ వజ్రపుకొత్తూరు రోడ్డు మీద, జీడి తోటల మధ్యే పరుగెత్తి వస్తామని సిస్టర్ ఆయనకు మాటిచ్చింది. అక్కడ దారిలో మంచినీళ్లు దొరకవు కాబట్టి, సీసాలు పట్టుకుని మేనల్లుడు సైకిలు మీద వెంట వస్తాడట.